సెకండ్‌హ్యాండ్ సూపర్‌కార్ కొనేముందు: కాగితాల నుంచి కార్బన్ టబ్ దాకా

పదేళ్లలో 3,000 కిలోమీటర్లే తిరిగిందని ప్రకటనలో చూడగానే కలెక్టర్లు ఎగబడతారు. అక్కడే కాస్త ఆగాలి. కదలకుండా పడున్న కారులో రబ్బరు సీళ్లు ఎండి ఆయిల్ కారుతుంది. పాత పెట్రోలు ఇంజెక్టర్లలో జిగురు కడుతుంది, బరువంతా ఒకేచోట పడి టైర్లు అణిగిపోతాయి. ఏటా సర్వీసు చేయించుకుంటూ 20,000 కిలోమీటర్లు తిరిగిన కారు చాలాసార్లు దీనికంటే ఆరోగ్యంగా ఉంటుంది. కానీ ఎక్కువ ధర పలికేది తక్కువ తిరిగినదే. అందుకే కారు నడపడానికా, దాచుకోవడానికా అన్నది ముందే తేల్చుకోండి.

కాగితాలు, నంబర్లు

మొదట ఛాసిస్, ఇంజిన్, గేర్‌బాక్స్ నంబర్లు కంపెనీ రికార్డుతో సరిపోతున్నాయా చూడాలి. ఇంజిన్ మారిన కారు బ్రహ్మాండంగా నడవొచ్చు, కలెక్టర్ దృష్టిలో మాత్రం దాని విలువ పడిపోతుంది. ఫెరారీలో 20 ఏళ్లు దాటిన కార్లకు క్లాసికే విభాగం అసలుతనాన్ని పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది. అది ఉందా అని అడగండి.

తయారైన సంఖ్య ఒక్కటే చూసి విలువ కట్టకండి. మెక్‌లారెన్ పీ1 కార్లు 375 తయారైతే పోర్షే కరేరా జీటీ 1,270 దాకా వచ్చాయి. అయినా కరేరా జీటీని వెతికేవాళ్లకు కొదవ లేదు. టర్బో లేని 5.7 లీటర్ల వీ10, ఆరు గేర్ల మాన్యువల్, కార్బన్ ఛాసిస్ ఒకే కారులో దొరకడం ఇప్పుడు కష్టం.

మీటరును నమ్మేముందు డయాగ్నస్టిక్ యంత్రంతో ఇంజిన్ నడిచిన గంటలు తీయించండి. మీటరులో 4,000 కిలోమీటర్లు, ఇంజిన్‌లో 400 గంటలు ఉంటే సగటు వేగం గంటకు 10 కిలోమీటర్లే. అంటే కారు గంటల తరబడి కదలకుండా, ఇంజిన్ మాత్రం నడుస్తూ ఐడిలింగ్‌లో ఉండాలి, లేదా మీటరులో ఎవరో చెయ్యి పెట్టి ఉండాలి. సీటు బెల్టుల మీది తయారీ లేబుల్, అద్దాల మీది ముద్ర, టైర్ల తేదీ కూడా కారు వయసుతో పోల్చండి. ఒక అద్దం ముద్ర మిగతావాటికంటే కొత్తదైతే, దాన్ని ఎందుకు మార్చారో బిల్లు చూపించమనండి.

మాన్యువల్ పోర్షే అయితే ఓవర్‌రెవ్ రిపోర్టు, అంటే ఇంజిన్ వేగ పరిమితిని తాకిన లేదా దాటిన సందర్భాల చిట్టా, తప్పనిసరి. 911 మోడల్ 997 తరం నుంచి కంప్యూటర్ దీన్ని ఆరు శ్రేణులుగా నమోదు చేస్తుంది. మొదటి మూడింటిలో అంకెలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, పరిమితి దాకా యాక్సిలరేటర్ తొక్కినా అవి నమోదవుతాయి. 4 నుంచి 6 వరకు ఉన్నవి తప్పు గేరులో పడి చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పిన సందర్భాలు. చివరిసారి అది ఏ గంట దగ్గర జరిగిందో చూడండి. ఈమధ్యే అయితే సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందా చూసే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు రెండూ చేయించనిదే ముందుకెళ్లకండి.

పెయింటు, కార్బన్

పెయింటు మందం కొలిచే మామూలు గేజ్ ఇనుము మీద, అల్యూమినియం మీద పనిచేస్తుంది. కార్బన్ ప్యానెల్ మీద పెడితే రీడింగే రాదు, దానికి అల్ట్రాసోనిక్ గేజ్ కావాలి. లోహపు ప్యానెళ్ల మీద కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్లు ఉంటుంది. 330 అని చూపించగానే ప్రమాదం జరిగిందని తేల్చకండి. పైన అంటించిన పీపీఎఫ్ (పెయింటును కాపాడే పారదర్శక ఫిల్మ్) ఒక్కటే 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది. అంచు దగ్గర గోటితో తాకి చూస్తే ఫిల్మ్ ఉందో లేదో తెలుస్తుంది.

అసలు పని లిఫ్ట్ మీద మొదలవుతుంది. అండర్‌ట్రే (కారు అడుగున ఉండే మూత) మొత్తం విప్పించండి, విప్పకుండా చేసే తనిఖీకి డబ్బు దండగ. మెక్‌లారెన్ ఎంపీ4-12సీ కార్బన్ టబ్ (మనుషులు కూర్చునే చోటును చుట్టి ఉండే కార్బన్ ఫైబర్ తొట్టి) బరువు 75 కిలోలే. దానికి ముందూ వెనకా అల్యూమినియం ఫ్రేములు బోల్టులతో బిగించి ఉంటాయి. గుద్దుకున్నప్పుడు ఆ ఫ్రేములు వంగి టబ్‌ను కాపాడతాయి, వాటిని మార్చడం కూడా సాధ్యమే. టబ్ పగిలితే లెక్క మారిపోతుంది. ఇనుము వంగినట్టు కార్బన్ వంగదు. పైకి బాగానే కనిపిస్తూ లోపల పొరలు విడిపోతాయి. ఫ్రేమ్ బోల్టుల మీది గుర్తు గీతలు తప్పాయా, సస్పెన్షన్ టబ్‌కు కలిసే చోట తెల్లటి గీతలున్నాయా అని టార్చి పెట్టి చూడండి. నాణెంతో మెల్లగా తట్టండి. గట్టి శబ్దం వస్తున్నది ఒకచోట డొల్లగా మారితే అల్ట్రాసౌండ్ పరీక్ష అడగాలి. టబ్‌లు రోడ్డు మీదే కాదు, జాకీని తప్పు చోట పెట్టినా దెబ్బతింటాయి. సిల్స్ (తలుపుల కింది అంచులు) అడుగుభాగం తప్పక చూడండి.

బ్రేకులు, చక్రాలు

కార్బన్ సిరామిక్ డిస్క్ ఇనప డిస్కులా మందం తగ్గి అరగదు. విపరీతమైన వేడికి అందులోని కార్బన్ గాలిలో ఆక్సీకరణ చెంది బరువు తగ్గుతుంది. కనీస బరువు చాలా డిస్కుల హబ్ భాగం మీదే ముద్రించి ఉంటుంది. కాబట్టి విప్పి తూకం వేయాలి, లేదా దాన్ని కొలిచే ప్రత్యేక యంత్రం వాడాలి. ట్రాక్ మీద బాగా వాడిన కారుకు ఇది చేయించకుండా కొనకండి. అంచులు పెచ్చులూడితే చాలాసార్లు తప్పు చక్రం విప్పినవాళ్లదే. గైడ్ పిన్నులు (చక్రం పక్కకు వాలకుండా పట్టుకునే కడ్డీలు) పెట్టకుండా లాగితే రిమ్ వచ్చి డిస్కుకు కొట్టుకుంటుంది.

991 తరం జీటీ3 లాంటి పోర్షేల్లో సెంటర్ లాక్ నట్టుకు (చక్రాన్ని మధ్యలో పట్టి ఉంచే ఒకే ఒక పెద్ద నట్టు) 600 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. బిగించి, 60 డిగ్రీలు వదులు చేసి, మళ్లీ 600కు బిగించాలి. అంత టార్క్ రెంచ్ లేని గ్యారేజీలో ఆ చక్రం ముట్టనివ్వకండి.

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 1819 అంటే 2019లో 18వ వారం. ఆరేళ్లు దాటితే ట్రెడ్ నిండుగా ఉన్నా మార్చాల్సిందే. గట్టిపడిన రబ్బరుతో 600 హార్స్‌పవర్‌ను పట్టుకోవడం కుదరదు.

గేర్‌బాక్స్, హైడ్రాలిక్స్, బ్యాటరీ

ఒకే క్లచ్ ఉండి ప్యాడిల్స్‌తో నడిచే పాత ఫెరారీ, లాంబోర్గినీల్లో క్లచ్ అరుగుదల శాతాన్ని డయాగ్నస్టిక్‌లో చదవొచ్చు. ఎత్తు మీద రివర్స్ తీయించి చూడండి, వాసన వస్తే బేరమాడండి. 458 ఇటాలియా తరం డ్యూయల్ క్లచ్‌లో క్లచ్ కంటే లోపలి సెన్సార్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. చల్లగా ఒకసారి, అరగంట నడిపాక ఒకసారి అన్ని గేర్లూ మార్చి చూడండి. కరేరా జీటీ సిరామిక్ క్లచ్‌ను యాక్సిలరేటర్ తొక్కకుండానే మెల్లగా వదలాలి. తొక్కుతూ వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది, క్లచ్ కూడా కాలుతుంది.

12సీ, 720ఎస్ లాంటి మెక్‌లారెన్‌లలో మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీరోల్ బార్లకు బదులు హైడ్రాలిక్స్ పనిచేస్తాయి. వాటి అక్యుములేటర్లలో (ఒత్తిడిని నిల్వ ఉంచే, నైట్రోజన్ నింపిన డబ్బాలు) నైట్రోజన్ తగ్గితే కారు చిన్న గతుకుకే గట్టిగా ఎగురుతుంది. వాటిని మార్చిన తేదీ బిల్లుల్లో ఉండాలి.

హైబ్రిడ్ అయితే హై వోల్టేజ్ బ్యాటరీ నివేదిక లేకుండా మాట్లాడకండి. లాఫెరారీ, పీ1, 918 స్పైడర్ మూడూ 2013లో వచ్చినవే, వాటి బ్యాటరీలకూ వయసు మీద పడింది. కంపెనీ చెప్పిన పద్ధతిలో ఛార్జింగ్ పెడుతూ వచ్చారా అన్నది ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారన్న దానికంటే పెద్ద ప్రశ్న.

ఆయిల్ విషయంలో ఒక్క మాట. ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే డ్రై సంప్ ఇంజిన్లలో చాలావాటికి లెవెల్ వేడెక్కాకే, అదీ ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా చూడాలి. చల్లగా చూసి తక్కువుందని పోస్తే ఎక్కువై ఇన్‌టేక్‌లోకి పోతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా 4,000 ఆర్‌పీఎం మించనివ్వకండి. ఓనరే చల్లటి ఇంజిన్‌ను రెడ్‌లైన్ దాకా తీసుకెళ్తే ఆ కారు ఇన్నాళ్లూ ఎలా బతికిందో మీకు తెలిసిపోయినట్టే.

డబ్బు చేతులు మారకముందే రెండు తాళాలు, టూల్‌కిట్, ఛార్జర్, కవర్, ఆ మోడల్‌కు వచ్చిన లగేజీ ఎదురుగా పెట్టించి లెక్క చూసుకోండి. బయటి ఎగ్జాస్ట్ బిగించి ఉంటే కంపెనీ ఎగ్జాస్ట్‌ను కూడా అదే రోజు ఇవ్వమనండి. తర్వాత పంపిస్తానన్న మాట రాసివ్వమని అడిగితే చాలామంది అప్పటికప్పుడే వెతికి తెచ్చిస్తారు.