కుక్కని ఊరికి తీసుకెళ్తున్నారా, గొలుసు మాత్రం విప్పకండి

వేసవి సెలవులకి ఊరెళ్ళగానే అందరం చేసే పని, పాపం ఏడాదంతా ఫ్లాట్‌లోనే పడుంటుంది కదా అని కుక్కని పొలాల్లోకి వదిలేయడం. నేనూ వదిలా. మా లాబ్రడార్ గాడు మామిడితోటలో టెంక గుటుక్కున మింగేశాడు, రెండ్రోజులు ఒకటే వాంతులు, చివరికి కడుపు కోసి తీయాల్సొచ్చింది.

వాకింగ్ పొద్దున్నే ఆరింటికల్లా అయిపోవాలి. సాయంత్రం ఎండ తగ్గినా తారురోడ్డు కాలుతూనే ఉంటుంది, మీ చెయ్యి వెనకపక్క రోడ్డుకి ఆనించి ఏడు లెక్కపెట్టండి, మీరు ఓర్చుకోలేకపోతే వాడి పాదాలూ కాలుతున్నట్టే. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దారి, చప్పిడి ముక్కు పగ్ జాతి కుక్కలకి అదీ సరిగ్గా కుదరదు. రొప్పు ఆగట్లేదు, చొంగ చిక్కగా తీగలు సాగుతోంది, నడిస్తే తూలుతోంది అంటే వడదెబ్బే. వెంటనే నీడకి లాగి మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోస్తూ ఫ్యాన్ పెట్టండి, తడి తువ్వాలు మాత్రం కప్పి ఉంచొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా డాక్టర్‌కి చూపించాల్సిందే, ఒంటి వేడి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే లోపల అవయవాలు దెబ్బతినొచ్చు.

గట్ల మీద ఎలుకల మందు కలిపిన నూకలు, పురుగుమందు గుళికల ప్యాకెట్లు పడుంటాయి, కొన్నిచోట్ల అడవిపందుల కోసం కరెంటు తీగ కూడా లాగుతారు (తప్పే, కానీ లాగుతారు), అందుకే ఏ చేలోకెళ్ళినా ముందు ఆ రైతుని అడగండి. మందు తినేస్తే ఉప్పునీళ్ళు పట్టి కక్కించకండి, ప్యాకెట్ దొరికితే జేబులో వేసుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి.

పాము కరిస్తే తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నడిపించొద్దు, ఎత్తుకునే తీసుకెళ్ళండి. మనకి వేసే విరుగుడు ఇంజక్షనే దానికీ వేస్తారు, దగ్గర్లో ఏ పశువుల ఆస్పత్రిలో ఉందో ఊరెళ్ళిన రోజే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంటికొచ్చాక గోమార్లు చూడాలి, చెవుల్లోపల, వేళ్ళ సందుల్లో, మెడ బెల్టు కింద. రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బి ఉంటాయి. మా నాన్న ఇప్పటికీ కిరోసిన్ రాయమంటాడు, వద్దు, ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా తిన్నగా లాగేయండి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, తిండి మానేయడం, ముక్కులోంచి రక్తం కనిపిస్తే ఊళ్ళో గోమార్లు పట్టాయని డాక్టర్‌కి మీరే చెప్పి రక్తపరీక్ష చేయించండి.