శనివారం రాత్రి బల్ల కోసం సొంత సర్వట్రిస్

మా ఐదుగురం ఐదు చోట్ల ఉంటాం. శనివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి మాత్రం ఒకే బల్ల దగ్గర చేరతాం. ఆ బల్ల కాకాట్రిస్. ఎవరి కంప్యూటర్లో వాళ్లు పెట్టుకునే క్లయింట్ అది; అందర్నీ కలిపే సర్వర్ పేరు సర్వట్రిస్. రెండూ ఓపెన్ సోర్స్. మ్యాజిక్ లాంటి కార్డ్ ఆటలు దీనిమీద ఆడతారు. ఆట నియమాలు దీనికి తెలియవు. డెక్ కలపడం, ముక్కలు అందించడం, లెక్క ఉంచడం వరకే దాని పని. ఎవరైనా తప్పుగా ఆడితే ఎదుటివాళ్లే చెప్పాలి. నాకు నచ్చింది అదే, ఎదురెదురుగా కూర్చుని ఆడినట్టే ఉంటుంది. డెక్ కలిపేది సర్వరే కాబట్టి మీ చేతిలో ముక్కలు ఇంకొకరి క్లయింట్‌కు చేరవు.

సర్వర్ నడిచే లైనక్స్ యంత్రంలో గిట్ (సోర్స్ దించుకోవడానికి), సీమేక్ (కంపైల్‌కు అంతా సిద్ధం చేయడానికి), సీ ప్లస్ ప్లస్ కంపైలర్, క్యూటీ, ప్రోటోబఫ్ అనే లైబ్రరీలు ఉండాలి. చివరి రెండింటికీ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు కూడా పెట్టండి, లేకపోతే సీమేక్ అక్కడే ఆగిపోతుంది. గిట్‌హబ్ నుంచి సోర్స్ క్లోన్ చేసి, లోపల బిల్డ్ అనే ఫోల్డర్ తయారుచేసి, అందులోంచి సీమేక్ నడపాలి.

ఇక్కడొక మెలిక ఉంది. సీమేక్‌ను ఉత్తగా నడిపితే క్లయింట్ తయారవుతుంది, సర్వర్ రాదు. మొదటిసారి అంతా కంపైల్ అయ్యాక సర్వట్రిస్ ఎక్కడుందా అని గంటసేపు వెతికాను. అందుకని సీమేక్‌కు హైఫన్, పెద్ద డి, దాన్ని ఆనుకుని అన్నీ పెద్దక్షరాల్లో విత్ అండర్‌స్కోర్ సర్వర్, ఈక్వల్స్ 1 అని ఇవ్వండి. విత్ అండర్‌స్కోర్ క్లయింట్, విత్ అండర్‌స్కోర్ ఒరాకిల్ (కార్డుల జాబితా దించే ప్రోగ్రామ్) రెండింటికీ ఇలాగే 0 ఇవ్వండి. తర్వాత కంపైల్ చేసే మేక్, ఆపైన అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో మేక్ ఇన్‌స్టాల్. చిన్న యంత్రమైతే మేక్‌ను ఒక్క జాబ్‌తోనే నడపండి. ఎక్కువ ఇస్తే మెమరీ చాలక కంపైలర్ మధ్యలో పడిపోతుంది.

సోర్స్‌లోని సర్వట్రిస్ ఫోల్డర్‌లో డాట్ ఐఎన్‌ఐ డాట్ ఎగ్జాంపుల్ అని ముగిసే నమూనా సెట్టింగుల ఫైల్ ఉంటుంది. దాన్ని కాపీ చేసుకుని మార్చండి. డేటాబేస్ టైప్ నన్, రూమ్స్ మెథడ్ కాన్ఫిగ్, అథెంటికేషన్ మెథడ్ పాస్‌వర్డ్. అప్పుడు అందరికీ ఒకటే పాస్‌వర్డ్. సర్వర్‌లో ఖాతాలు, డెక్‌ల నిల్వ కావాలంటే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పెట్టుకోవాలి. ఐదుగురికి ఆ బరువు అనవసరమని నా అభిప్రాయం.

పోర్ట్ 4747. అది 1024 కంటే పెద్దది కాబట్టి రూట్ (అడ్మిన్) హక్కులు అవసరమే లేదు. ఈ పనికోసం వేరే యూజర్‌ను తయారుచేసి, ఆ యూజర్‌గా టీమక్స్‌లో (టెర్మినల్ మూసినా ప్రోగ్రామ్‌ను నడుస్తూ ఉంచేది) సర్వట్రిస్‌ను నడపండి. పక్కన రెండు హైఫన్లు, కాన్ఫిగ్, మీ ఫైల్ దారి ఇస్తే చాలు.

ఇప్పుడే స్నేహితులను పిలవకండి. నేను పిలిచాను. తప్పు సర్వర్‌లో ఉందా, ఫైర్‌వాల్‌లో ఉందా, వాళ్ల దగ్గర ఉందా తేలక ఆ రాత్రంతా ఆట లేకుండానే పోయింది. లోపలి నుంచి బయటికి ఒక్కో మెట్టూ చూసుకుంటూ రండి. సర్వర్ మీదే ఎస్‌ఎస్ కమాండ్‌ను హైఫన్ ఎల్‌టీఎన్‌తో నడిపితే 4747 వింటోందో లేదో కనబడుతుంది. కనబడకపోతే ఫైర్‌వాల్ జోలికి వెళ్లకుండా సర్వర్ లాగ్ చదవండి. కనబడితే అదే యంత్రంలోంచి, పోర్ట్‌కు కలుస్తుందో లేదో చూసే నెట్‌క్యాట్‌తో 127.0.0.1 కి (అంటే ఆ యంత్రానికే), తర్వాత వేరే యంత్రంలోంచి సర్వర్ చిరునామాకు కలిపి చూడండి. లోపల కలిసి బయట కలవకపోతే అప్పుడు ఫైర్‌వాల్‌ను అనుమానించాలి.

ఆ పోర్ట్‌ను లోకమంతటికీ తెరవడం నాకిష్టం లేదు. 4747 మీద వెళ్లే టీసీపీ మాటలకు ఎన్‌క్రిప్షన్ లేదు, పాస్‌వర్డ్ అందరిదీ ఒకటే. అందుకే మేం ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (మాటలను ఎన్‌క్రిప్ట్ చేసి సర్వర్‌కు చేర్చే దారి) వాడతాం: ఎస్‌ఎస్‌హెచ్, హైఫన్, పెద్ద ఎల్, 4747 కోలన్ లోకల్‌హోస్ట్ కోలన్ 4747, ఆ తర్వాత యూజర్ ఎట్ సర్వర్. ఆ కిటికీ మూయకుండా క్లయింట్‌లో హోస్ట్‌గా లోకల్‌హోస్ట్ ఇస్తే సరి. ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే తెరిచి ఉంటుంది.

టన్నెల్ లేని రోజుల్లో ఒకసారి ఐదుగురం ఒకే ఇంట్లో కలిశాం. నలుగురు లోపలికి వెళ్లారు, ఐదో మనిషిని సర్వర్ రానివ్వలేదు. ఒకే రౌటర్ వెనక ఉన్నాం కాబట్టి సర్వర్‌కు అందరం ఒకే చిరునామాగా కనిపించాం. సెక్యూరిటీ భాగంలో ఒక్కో చిరునామాకు ఎందరో చెప్పే వరుస ఉంది, నా ఫైల్లో అక్కడ 4 ఉంది. 6 చేసి సర్వర్ మళ్లీ మొదలుపెట్టగానే అతనూ వచ్చేశాడు.

స్నేహితులకు చెప్పాల్సినవి రెండు. క్లయింట్ వెర్షన్ సర్వర్ వెర్షన్‌తో సరిపోవాలి. క్లయింట్‌తో వచ్చే ఒరాకిల్‌ను ఒకసారి నడిపి కార్డుల జాబితా దించుకోవాలి, ఎందుకంటే కార్డుల వివరాలు సర్వర్‌లో ఉండవు. కొత్త కార్డులు వచ్చినప్పుడల్లా ఒరాకిల్‌ను మళ్లీ నడపాలి. మేం ఆ పని శుక్రవారమే ముగిస్తాం.