కట్టుడు పళ్ల కింద మంట, ఎరుపు, దురద: తప్పు యాక్రిలిక్‌దేనా?

కొత్త సెట్టు పెట్టుకున్నాక నోరు మండిందంటే చాలు, "ఆ ప్లాస్టిక్ పడలేదు" అనేస్తారు. నిజానికి ఆ అనుమానం అన్నిటికన్నా చివర రావాల్సింది. సెట్టులో చిగురు రంగులో కనిపించే భాగం పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే యాక్రిలిక్ ప్లాస్టిక్. పొడిని, మోనోమర్ అనే ద్రవాన్ని కలిపి వేడితో గట్టిపరుస్తారు. పూర్తిగా గట్టిపడ్డ ప్లాస్టిక్ (పాలిమర్) నోటికి దాదాపు ఏ హానీ చేయదు. చిక్కు ఎక్కువగా గట్టిపడకుండా లోపల మిగిలిపోయిన మోనోమర్‌తోనే. అది వేడితో చేసిన సెట్టులో బరువులో 2.2 శాతం, వేడి లేకుండా గట్టిపడే రకంలో 4.5 శాతం మించకూడదని ఐఎస్ఓ 20795-1 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది.

ముందు మూడు సంగతులు చూసుకోండి: బాధ ఎప్పుడు మొదలైంది, సరిగ్గా ఎక్కడ ఉంది, సెట్టు తీసి పక్కన పెడితే తగ్గుతోందా. కారణం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

కొత్త సెట్టు, లేదా రిపేరు చేయించిన సెట్టు: మొదటి రోజుల్లోనే మంట, ఘాటు వాసన, చేదు

ఇది మిగిలిపోయిన మోనోమర్ పని. మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువగా బయటికి వస్తుంది, తర్వాత తగ్గుతూ పోతుంది. సెట్టును మామూలు నీళ్లలో 24 నుంచి 48 గంటలు ఉంచండి, మధ్యలో నీళ్లు మార్చండి. ఈ పని డాక్టరు చేతికి ఇవ్వకముందే ల్యాబ్‌లో జరగాలి, తొందరలో వదిలేస్తుంటారు. రిపేరుకి వాడే వేడి లేని యాక్రిలిక్‌లో మోనోమర్ ఎక్కువే మిగులుతుంది. దాన్ని 50 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో గంటసేపు ఉంచితే బాగా తగ్గుతుంది, కానీ అది ఉష్ణోగ్రత నియంత్రణ ఉన్న తొట్టిలో, క్లినిక్‌లోనో ల్యాబ్‌లోనో చేయాల్సిన పని. ఇంట్లో మరిగే నీళ్లలో వేస్తే సెట్టు వంకర పోతుంది, ఇక నోట్లో కూర్చోదు.

అయినా ఘాటు తగ్గకపోతే ఉడికించిన తీరులోనే లోపం ఉంది. పొడి మూడు వంతులు, ద్రవం ఒక వంతు (ఘనపరిమాణంలో) అన్న కొలత తప్పి ద్రవం ఎక్కువ పోసినా, సమయం మిగుల్చుకోవాలని ఉడికింపు కుదించినా మోనోమర్ మిగిలిపోతుంది. నమ్మదగిన పద్ధతులు రెండు: 74 డిగ్రీల దగ్గర 8, 9 గంటలు ఉంచడం, లేదా 74 దగ్గర 2 గంటలు ఉంచి ఆపై 100 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచడం. రెండో పద్ధతిలో ఆ చివరి గంటే మోనోమర్‌ను తగ్గించేది, దాన్ని ఎగ్గొట్టకూడదు. అలాగని మొదటి నుంచే మరిగించకూడదు. మోనోమర్ దాదాపు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గట్టిపడేటప్పుడు యాక్రిలిక్ తనంతట తానే వేడిని పుట్టిస్తుంది కాబట్టి, మందంగా ఉన్నచోట లోపలి ద్రవం ఆవిరై సన్నని బుడగలు మిగులుతాయి. ఆ రంధ్రాల్లో మురికి, ఫంగస్ చేరితే ఏ బ్రష్షూ అందుకోలేదు. లోపలంతా నురగలా ఉన్న సెట్టును సరిచేసే దారి లేదు, కొత్తది చేయించడమే.

ఒకేచోట పుండు, నొక్కితే నొప్పి

ఇది రసాయనం కాదు, ఒత్తిడి. అంచు పొడవు కావడమో, లోపలివైపు చిన్న బుడిపె ఉండటమో కారణం. డాక్టరు ఒత్తిడి చూపే పేస్టు రాసి ఆ చోటు గుర్తించి అరగదీసి పాలిష్ చేస్తారు. వెళ్లేరోజు, ఓర్చుకోగలిగితే, కొన్ని గంటల ముందు నుంచి సెట్టు పెట్టుకోండి, గుర్తు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంట్లో ఆకురాయి పట్టుకోవద్దు. సరిచేయించాక కూడా రెండు వారాల్లో మానని పుండును బయాప్సీ దాకా తీసుకెళ్లాలి, నోటి క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

సెట్టు ఆకారంలోనే అంగిలి ఎర్రబడింది, నొప్పి పెద్దగా లేదు

ఎలర్జీ అని ఎక్కువమంది పొరబడేది దీన్నే. ఎరుపు సరిగ్గా సెట్టు అంచు దగ్గర ఆగిపోతుంది కాబట్టి ప్లాస్టిక్‌దే తప్పనిపిస్తుంది. అసలు కారణం తరచుగా క్యాండిడా అనే ఫంగస్, రాత్రంతా సెట్టు పెట్టుకుని పడుకునే అలవాటు. మధుమేహం అదుపులో లేనివారికి, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారికి ఇంకా తొందరగా వస్తుంది. పెదవుల మూలలు పగలడం కూడా దీని గుర్తే కావచ్చు.

రాత్రి సెట్టు తీసేయండి. మెత్తని బ్రష్షు, సబ్బునీళ్లతో తోమండి. టూత్‌పేస్టు వద్దు, గీతలు పడి ఫంగస్‌కి చోటు దొరుకుతుంది. సెట్టులో లోహం లేకపోతే 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ఉంచి బాగా కడగండి. లేబుల్ మీద 5 శాతం అని ఉన్న బ్లీచ్ ద్రవం ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపితే ఆ బలం వస్తుంది. అందులో మరే క్లీనరూ కలపొద్దు, విషవాయువు పుట్టొచ్చు. ఫంగస్ మందు డాక్టరు రాయాలి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు ఆ మాట తప్పక చెప్పాలి, మైకోనజోల్ అనే ఫంగస్ మందు జెల్ దానితో కలిస్తే రక్తస్రావం ముప్పు. నోటికి మందు వేసి సెట్టును వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

యాక్రిలిక్ తగిలిన ప్రతిచోటా దురద, మంట, చిన్న పొక్కులు

సెట్టు తీస్తే కొద్ది రోజుల్లో తగ్గి, మళ్లీ పెట్టుకున్న ఒకటి రెండు రోజులకు తిరిగొస్తే ఇప్పుడు ఎలర్జీని అనుమానించండి. చెంప, నాలుక కూడా ఎర్రబడవచ్చు. ఇది అరుదు. ఇంతకుముందు యాక్రిలిక్ గోళ్లు పెట్టించుకున్నవారికి, దంత ల్యాబ్‌లో పనిచేసినవారికి అవకాశం ఎక్కువ.

చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్టుతో తేలుతుంది. 2 శాతం మిథైల్ మెథాక్రిలేట్‌ను (ఆ మోనోమర్ అసలు పేరిదే) పెట్రోలియం జెల్లీలో కలిపి వీపు మీద అంటించి 48 గంటలకు తీస్తారు, 72 లేదా 96 గంటలకు మరోసారి చూస్తారు. యాక్రిలిక్ తయారీలో వాడే హైడ్రోక్వినోన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి ఇతర పదార్థాలనూ పరీక్షించమని అడగండి. మోనోమర్ ఒక్కటే దోషి కానక్కర్లేదు.

పాజిటివ్ వస్తే నైలాన్ సెట్టో, లోహపు బేసో (సెట్టు అడుగు భాగం) ఆలోచించాలి. లోహపు బేసులోనూ పళ్లను పట్టి ఉంచేది మామూలుగా యాక్రిలికే, ముందే అడగాలి. గట్టిపడ్డ యాక్రిలిక్ దిమ్మె నుంచి యంత్రంతో చెక్కిన (మిల్లింగ్) సెట్టులో మోనోమర్ తక్కువ, ఎలర్జీ స్వల్పంగా ఉన్నవారికి సరిపోవచ్చు. త్రీడీ ప్రింటింగ్ రెసిన్లు కూడా మెథాక్రిలేట్ కుటుంబానివే, "ప్రింటెడ్ కదా, సురక్షితం" అన్న మాట నమ్మొద్దు.

పెదవులు ఉబ్బడం, ఆయాసం హఠాత్తుగా వస్తే వెంటనే ఆసుపత్రికి. తర్వాత సెట్టు శుభ్రం చేసే క్లీనింగ్ టాబ్లెట్ లేబుల్ చూడండి. వాటిలోని పర్‌సల్ఫేట్ అనే రసాయనం వల్ల ఎలర్జీ రావచ్చని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

ఎరుపు లేదు, సెట్టు తీసినా మంట పోలేదు

సెట్టును అనుమానించడం మానేయండి. ఐరన్, బి12, రక్తంలో చక్కెర పరీక్షలు చేయించండి. నోరు ఎండబెట్టే మందులున్నాయేమో చూడండి.

పగులు, విరిగిన ముక్క

ఇంట్లో జిగురుతో అతికించవద్దు. ముక్కలు రవ్వంత పక్కకి జరిగి అతుక్కున్నా ల్యాబ్‌లో సరిగ్గా కలపడం కష్టమవుతుంది, ఆ జిగురు నోటి కోసం చేసిందీ కాదు. ముక్క మింగారన్న అనుమానం ఉంటే ఇంకా జాగ్రత్త. మామూలు యాక్రిలిక్ ఎక్స్‌రేలో దాదాపు కనిపించదు, ఫిల్ము శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. మిగిలిన ముక్కలు వెంట తీసుకెళ్లి ఎంత భాగం తగ్గిందో చూపించండి. దగ్గు, పిల్లికూతలు ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయిందని అనుమానించి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ల్యాబ్‌లో పనిచేసేవారి వేళ్లకు పగుళ్లు, తిమ్మిరి

మోనోమర్‌తో అసలు ముప్పు సెట్టు పెట్టుకునేవారికన్నా దాన్ని చేసేవారికే ఎక్కువ. రబ్బరు గ్లవ్స్ దాన్ని ఆపలేవు, నిమిషాల్లోనే లోపలికి దిగుతుంది. పిండిలా మారిన మిశ్రమాన్ని చేత్తో పిసకకుండా మూత ఉన్న గిన్నెలో స్పాచులాతో కలపాలి, ప్లాస్టిక్ షీటు మీదుగా నొక్కాలి. ఆవిరి బయటికి లాగే ఫ్యాను బల్ల దగ్గరే ఉండాలి. ఆ ద్రవం 10 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి వదులుతుంది, బర్నరు పక్కన సీసా మూత తీయవద్దు.