టర్నర్ సిండ్రోమ్: పద్దెనిమిదేళ్లు దాటాక ఏం చూపించుకోవాలి, ఎప్పుడు

మా అమ్మాయికి టర్నర్ సిండ్రోమ్ ఉంది, అంటే ఆడపిల్లల్లో ఉండాల్సిన రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పూర్తిగానో కొంత భాగమో లేకపోవడం. తనకి పద్దెనిమిది నిండగానే పిల్లల డాక్టరు గారు "ఇక పెద్దల డాక్టరుకి చూపించుకోండి" అన్నారు. ఎవరికి, దేనికి, ఎన్నాళ్లకోసారి అన్నది చెప్పలేదు, మేమూ అడగలేదు. ఎత్తు పెరగడం ఆగిపోయింది, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఎప్పుడో అయిపోయాయి, మందులతో నెలసరి వస్తోంది, ఇంకేముందిలే అని రెండేళ్లు ఊరుకున్నాం. ఆ రెండేళ్లలో థైరాయిడ్ మందగిస్తే చదువు అలసట అనుకున్నాం. మీరు ఆ పొరపాటు చేయకండి.

ముందు ఫైలు సంగతి. పిల్లల డాక్టరు దగ్గర్నుంచి వచ్చేసేలోపే క్రోమోజోముల రిపోర్టు, గుండె స్కాన్లు, కిడ్నీ స్కాన్, వినికిడి పరీక్ష, హార్మోన్ మోతాదుల వివరాలు అన్నీ కాపీలు తీసుకోండి, ఫోన్లో ఫొటోలు కూడా పెట్టుకోండి. క్రోమోజోముల రిపోర్టులో వై క్రోమోజోము ముక్క ఏమైనా కనిపించిందా అని ప్రత్యేకంగా అడగండి. ఉంటే సరిగా ఎదగని అండాశయాల్లో గడ్డలు వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాటిని తీసేయమని చెప్పే అవకాశం ఉంది. తర్వాత, మొత్తం వ్యవహారం చూసుకునే డాక్టరు ఒకరుండాలి. మామూలుగా అది ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు. లేకపోతే గుండె డాక్టరు, చెవి డాక్టరు, గైనకాలజిస్ట్ ఎవరికి వాళ్లు మిగతాది ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు.

ఇక గుండె. అన్నిటికంటే ముఖ్యం ఇదే. అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, దాని మొదట్లో ఉండే కవాటానికి మూడు రెక్కలుండాలి. టర్నర్ ఉన్నవాళ్లలో చాలామందికి రెండే ఉంటాయి. కొందరికి అయోర్టా ఒకచోట ఇరుకుగా ఉంటుంది, కొందరికి మెల్లమెల్లగా వెడల్పవుతుంది. వెడల్పైతే పైకి ఏమీ తెలియదు, నొప్పీ ఉండదు, స్కాన్‌లోనే బయటపడుతుంది. అందుకని ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌తో పాటు ఒకసారైనా గుండె ఎమ్మారై తీయించుకోవాలి. అన్నీ బాగుంటే పిల్లలకి ఐదేళ్లకోసారి, పెద్దవాళ్లకి పదేళ్లకోసారి మళ్లీ చూస్తే సరిపోతుంది. కవాటం తేడా, ఇరుకు, బీపీ వీటిలో ఏదున్నా ఇంకా తొందరగా చూడాలి, ఎన్నాళ్లకన్నది కార్డియాలజిస్ట్ చెప్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. రిపోర్టులో అయోర్టా కొలత పక్కన "నార్మల్" అని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి, ఎందుకంటే ఆ నార్మల్ మామూలు ఎత్తున్న మనిషికి. నాలుగున్నర అడుగుల అమ్మాయికి అదే కొలత ఎక్కువ కావచ్చు. పెద్దవాళ్లలో సెంటీమీటర్లలో ఉన్న కొలతని, ఎత్తూ బరువూ బట్టి చదరపు మీటర్లలో లెక్కేసే శరీర ఉపరితల వైశాల్యంతో, అదే బీఎస్ఏ అంటారు కదా, దాంతో భాగిస్తే 2 దాటిందంటే దగ్గరగా గమనించాలి, 2.5 దాటితే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. "ఎత్తునీ బరువునీ బట్టి లెక్కేశారా?" అని నేరుగా అడగండి, మొహమాటం వద్దు.

ఇంకోటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉన్నట్టుండి ఛాతీలోనో, రెండు భుజాల మధ్య వీపులోనో, మెడలోనో భరించలేనంత నొప్పి వస్తే అయోర్టా లోపలి పొర చీలి ఉండొచ్చు. వయసులో ఉన్న ఆడపిల్ల కదా, గ్యాస్ అనో టెన్షన్ అనో ఇంటికి పంపించేసే ప్రమాదం ఉంది, ఈసీజీ బాగానే కనబడొచ్చు కూడా. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే "నాకు టర్నర్ సిండ్రోమ్ ఉంది, అయోర్టా స్కాన్ చేయండి" అనాలి. మా అమ్మాయి ఈ మాట ఒక కార్డు మీద రాసుకుని పర్సులో పెట్టుకుంది. బీపీ అయితే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించుకోవాల్సిందే.

ఈస్ట్రోజెన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నెలసరి గొడవ తప్పుతుంది కదా అని సొంతంగా మానేసేవాళ్లు ఉన్నారు. అది నెలసరి కోసం మాత్రమే ఇచ్చే మందు కాదు, ఎముకలకీ రక్తనాళాలకీ కూడా అది కావాలి. మామూలుగా ముట్లుడిగే వయసు, సుమారు యాభై దాకా వాడాలి. గర్భసంచి ఉన్నవాళ్లు ప్రొజెస్టెరాన్ కూడా కలిపి వాడాలి. మాత్రలు పడకపోతే చర్మం మీద అంటించుకునే ప్యాచ్‌లున్నాయి, అసలు ఎక్కువమంది డాక్టర్లు మొగ్గేది వాటివైపే. పెద్దయ్యాక ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ కూడా అడగండి, అయితే దాన్ని కూడా ఎత్తుని దృష్టిలో పెట్టుకునే చదవాలి.

రక్త పరీక్షలు సులువే, ఏటా ఒక తేదీ పెట్టుకుంటే చాలు. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగర్‌కి హెచ్‌బీఏ1సీ, లివర్ ఎంజైములు ఏటా. విటమిన్ డి, గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ పడకపోవడం అంటే సీలియాక్ జబ్బుకి చేసే పరీక్ష, ఇవి కొన్నేళ్లకోసారి. లివర్ అంకెలు కాస్త పెరిగితే ఈస్ట్రోజెన్ వల్లేనేమోనని కంగారుగా ఆపేయకండి, టర్నర్‌లో అది మామూలే, ముందు డాక్టరుతో మాట్లాడండి.

వినికిడి పరీక్ష మాత్రం వదలొద్దు. చిన్నప్పుడు చెవిపోటు వచ్చి తగ్గిపోయినా, పెద్దయ్యాక లోపలి చెవి నరాల వల్ల వినికిడి మెల్లగా తగ్గొచ్చు, అవతలివాళ్లు "చెప్తే వినదు" అని విసుక్కునేదాకా తెలియదు. చిన్నపిల్లలకి మూడేళ్లకోసారి, పెద్దవాళ్లకి ఐదేళ్లకోసారి. కళ్లు, పళ్లు, పుట్టుమచ్చల్లో మార్పులు కూడా మధ్యమధ్యలో చూపించుకోండి.

పిల్లల్ని కనాలనుకుంటే, సహజంగానైనా దాత అండంతోనైనా, ముందు వెళ్లాల్సింది ఫెర్టిలిటీ క్లినిక్‌కి కాదు, కార్డియాలజిస్ట్ దగ్గరికి. గర్భంతో అయోర్టా మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది కాబట్టి కొత్త స్కాన్ చూడకుండా ఎవరూ సరే అనకూడదు.

తల్లిదండ్రులకి ఒక్క మాట. పదిహేనో ఏటి నుంచే డాక్టరు గదిలో అమ్మాయినే మాట్లాడనివ్వండి. మొదట్లో మా అమ్మాయి ప్రతి ప్రశ్నకీ నా మొహం చూసేది, నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు తన అయోర్టా కొలత తనే చెప్తుంది, నాకైతే ఫైలు తీసి చూస్తే గానీ గుర్తురాదు.