పాత గ్రాఫిక్స్ కార్డుకు వోల్టేజ్ మాడ్ చేయడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక నెల్లూరు ఎండల్లో ఓవర్‌క్లాక్ చేసిన చిప్పు సంగతి చెప్పాలా. వోల్టేజ్ మాడ్ అంటే కార్డులోని ముఖ్యమైన చిప్పుకు (కోర్) అందే వోల్టేజ్ పెంచి, దాన్ని మామూలు కంటే వేగంగా నడపడం, అంటే ఓవర్‌క్లాక్ చేయడం. ఈ పని డిసెంబర్, జనవరి రాత్రుల్లో పెట్టుకోండి. గది 38 డిగ్రీలకు బదులు 25 ఉంటే, అదే లోడు మీద కోర్ కూడా దాదాపు ఆ తేడా మేరకు చల్లగా నడుస్తుంది. పైసా ఖర్చు లేని కూలింగ్ అది.

ఏ కార్డు మీద చేయాలి?

పోయినా ఏడుపు రాని కార్డు మీద. 2007, 2008 నాటి 8800 జీటీ, 9600 జీటీ లాంటి పాత కార్డుల మీద ఈ పని చాలామంది చేశారు. కొత్త కార్డుల్లో డిజిటల్ కంట్రోలర్లు ఉంటాయి, పవర్ లిమిట్ కూడా అడ్డొస్తుంది. కింద చెప్పిన పద్ధతి వాటికి అలాగే పనిచేస్తుందని అనుకోవద్దు. వారంటీలో ఉన్న కార్డు జోలికి అసలు పోవద్దు, టంకం పడిన బోర్డును ఎవరూ వెనక్కి తీసుకోరు.

ముందు మాడ్ లేకుండానే ఎంత దూరం వెళ్తుందో చూడండి. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్ క్లాక్‌ను (వేగాన్ని) 10 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు కనబడేదాకా వెళ్లి ఆ అంకె రాసుకోండి. అప్పటికే కోర్ 80 డిగ్రీలు దాటుతుంటే మీకు కావాల్సింది వోల్టేజ్ కాదు. దుమ్ము దులిపి, కొత్త థర్మల్ పేస్ట్ రాయండి. వేడి వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది: 1.1 నుంచి 1.2 వోల్టులకు వెళ్తే వోల్టేజ్ 9 శాతమే పెరిగినా, అదే క్లాక్ మీద వేడి 19 శాతం పెరుగుతుంది. క్లాక్ పెంచినకొద్దీ దాని మీద ఇంకొంచెం.

అసలు కిటుకు

కోర్‌కు కరెంటు ఇచ్చే కంట్రోలర్ చిప్‌కు ఫీడ్‌బ్యాక్ అనే పిన్ ఉంటుంది. రెండు రెసిస్టర్ల మధ్య నుంచి ఆ పిన్‌కు వచ్చే వోల్టేజ్ ఎప్పుడూ ఒకే అంకె దగ్గర, ఉదాహరణకు 0.6 వోల్టుల దగ్గర, ఉండేలా కంట్రోలర్ చూసుకుంటుంది. మనం ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కు ఇంకో రెసిస్టర్ కలిపితే అక్కడ వోల్టేజ్ తగ్గుతుంది. కోర్‌కు సరిపోవడం లేదనుకుని కంట్రోలర్ అవుట్‌పుట్ పెంచుతుంది. మాడ్ అంటే ఇంతే.

ఒక లెక్క చూద్దాం. పై రెసిస్టర్ (కోర్ వైపుది) 1 కిలో ఓమ్, కింది రెసిస్టర్ (గ్రౌండ్ వైపుది) 1.2 కిలో ఓమ్ అనుకుంటే అవుట్‌పుట్ 1.1 వోల్టులు. ఫీడ్‌బ్యాక్ నుంచి గ్రౌండ్‌కు 12 కిలో ఓమ్‌లు కలిపితే 1.15, 6 కిలో ఓమ్‌లైతే 1.2. రెసిస్టెన్స్ తగ్గేకొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది, పైగా చివర్లో చాలా వేగంగా పెరుగుతుంది. మనం కలిపేది ప్రీసెట్, అంటే స్క్రూ తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్. దాన్ని సున్నా దాకా తిప్పారంటే ఫీడ్‌బ్యాక్ నేరుగా గ్రౌండ్‌కు తగిలి, కంట్రోలర్ ఇవ్వగలిగినంతా కోర్‌కు ఇచ్చేస్తుంది. కార్డులు ఎక్కువగా చచ్చేది అక్కడే.

అందుకే ప్రీసెట్‌ను ఒంటరిగా పెట్టొద్దు. 50 కిలో ఓమ్‌ల మల్టీటర్న్ ప్రీసెట్ (మీద 503 అని ఉంటుంది) తీసుకుని, దానికి సిరీస్‌లో 4.7 కిలో ఓమ్‌ల మామూలు రెసిస్టర్ ఒకటి వేయండి. పై లెక్కలో ప్రీసెట్ పూర్తి విలువ మీద ఉన్నప్పుడు వోల్టేజ్ 1.111, పొరపాటున సున్నాకు తిప్పేసినా 1.228 దగ్గర ఆగుతుంది. రూపాయో రెండు రూపాయలో చేసే ఆ రెసిస్టర్ మీ కార్డును కాపాడుతుంది. మీ కార్డు విలువలు వేరుగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క మీరూ వేసుకోవాలి.

ఈ సామాను నెల్లూరులోనో ఒంగోలులోనో ఎలక్ట్రానిక్స్ స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి. లేదంటే చెన్నై రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది, మనవాళ్లు ఎలాగూ ఏదో పని మీద చెన్నై వెళ్తూనే ఉంటారు.

పిన్ పట్టుకోవడం, కొలవడం

కార్డు బయటికి తీసి, కంట్రోలర్ చిప్ మీది నంబర్ చదవండి. అక్షరాలు కనబడకపోతే ఫోన్ కెమెరాను జూమ్ చేయండి. ఆ నంబర్‌తో డేటాషీట్ వెతికి, ఎఫ్‌బీ అని రాసిన పిన్ ఏదో గుర్తించండి. అందులోనే రిఫరెన్స్ వోల్టేజ్ కూడా ఉంటుంది.

మల్టీమీటర్‌తో ఆ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఓమ్‌లు కొలవండి. మన ఉదాహరణలో 1.2 కిలో ఓమ్‌లు కాదు, 545 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. కోర్ రెసిస్టెన్స్ చాలా తక్కువ కాబట్టి పై రెసిస్టర్ కూడా దాని గుండా గ్రౌండ్‌కు కలిసినట్టే లెక్క. అదే కారణంగా కోర్ లైన్ మీద మీటర్ బీప్ అంటుంది. షార్ట్ అయిందని టెన్షన్ పడొద్దు.

టంకం

ప్రీసెట్ మధ్య కాలు, పక్క కాలు ఒకటి వాడతాం: ఒకటి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా ఫీడ్‌బ్యాక్ పిన్‌కు, ఇంకోటి గ్రౌండ్‌కు. ఆ రెండింటి మధ్య మీటర్ పెట్టి, ఎటు తిప్పితే ఓమ్‌లు పెరుగుతాయో చూసి, పూర్తి విలువకు తెచ్చి వదిలేయండి. కొసకు వచ్చినప్పుడు టిక్ టిక్ మంటుంది. ఎటు తిప్పాలో ప్రీసెట్ మీదే మార్కర్‌తో గీసుకోండి.

పిన్ దగ్గర సన్నటి వైరు అతికించాలి. చెయ్యి వణికేవాళ్లు మొబైల్ రిపేర్ షాపుకు తీసుకెళ్లి, "అన్నా, ఈ పిన్నుకు ఒక జంపర్ వెయ్యాలి" అంటే చాలు, వాళ్లకిది రోజూ చేసే పని. మీరే చేస్తే, ఐరన్ వేడెక్కాక ప్లగ్ తీసి అప్పుడు పిన్‌కు ఆనించండి. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ వైరు ఉందో లేదో దేవుడికే తెలియాలి, అది లేకపోతే ఐరన్ నుంచి లీకయ్యే కరెంటు చిప్పులోకి వెళ్లొచ్చు. వైరు లాగితే పిన్ ఊడిపోతుంది కాబట్టి ప్రీసెట్‌ను బోర్డుకు హాట్ గ్లూతో అంటించండి. ఫీడ్‌బ్యాక్ వైరు రెండు అంగుళాలు దాటకూడదు.

మళ్లీ కొలవండి. 545 కాస్తా 540 అయితే సరిగ్గా పడినట్టు. సున్నా దగ్గర చూపిస్తే పక్క పిన్‌కు టంకం అంటుకుంది. అది తీసేదాకా కరెంటు ఇవ్వొద్దు.

తిప్పడం

కోర్ పక్కనున్న కాయిల్ అవుట్‌పుట్ వైపు ఇంకో వైరు అతికించి బయటికి తెచ్చి, మీటర్ ఎర్ర ప్రోబ్ దానికి పెట్టండి. నడుస్తున్న కార్డు మీద ప్రోబ్ జారితే అంతే సంగతులు. లోడు ఇచ్చి కొలవండి, ఖాళీగా ఉన్నప్పుడు చాలా కార్డులు వోల్టేజ్ తగ్గించుకుంటాయి.

0.025 వోల్టులు పెంచి, క్లాక్ కొంచెం పెంచి, అరగంట గేమ్ ఆడండి. ఫర్‌మార్క్ అనే లోడు పరీక్ష మాత్రం వద్దు, మాస్ఫెట్‌లను (కోర్‌కు కరెంటు పంపే స్విచ్ చిప్పులను) అది అనవసరంగా కాలుస్తుంది. వాటికి చిన్న హీట్‌సింకులు అతికించి, పైనుంచి ఒక ఫ్యాన్ గాలి తగలనివ్వండి. కోర్ చల్లగా ఉన్నా అవి మాడిపోయే కార్డులు చాలా ఉంటాయి. స్క్రీన్ నల్లబడి కార్డు ఆగిపోతే, బహుశా కంట్రోలర్‌లోని ఓవర్‌వోల్టేజ్ రక్షణ పనిచేసినట్టు. దాన్ని తప్పించే మాడ్‌లూ ఉన్నాయి గాని, నేను చేయమని చెప్పను. వోల్టేజ్ పెంచినా క్లాక్ పెరగడం ఆగిందంటే ఒక మెట్టు వెనక్కి రండి, అక్కడి నుంచి పెరిగేది వేడి మాత్రమే.

ఉగాది దాటి ఎండలు ముదిరాక ప్రీసెట్‌ను మళ్లీ పూర్తి విలువకు తిప్పి, క్లాక్ మామూలుకు తెచ్చేయండి. కార్డు అమ్మాలనుకుంటే పిన్ దగ్గర వైరు తీసేయండి, వోల్టేజ్ మొదటి అంకెకు వచ్చిందని మీటర్‌తో చూసుకోండి, మాడ్ చేసిన సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పండి.