పిల్లలు స్కూలుకు వెళ్లని రోజు బడికి ఎలా తెలియజేయాలి?

హైదరాబాద్‌లో చాలామంది పిల్లలు వ్యాన్‌లోనో ఆటోలోనో స్కూలుకు వెళ్తారు. పొద్దున గేటు దగ్గర ఎక్కించాక సాయంత్రం దాకా ఇంటికి కబురుండదు. దారిలో ఏదైనా జరిగి పాప క్లాసుకు చేరలేదనుకోండి. స్కూల్లో ఉందని ఇంట్లోవాళ్లు, ఇంట్లో ఉందని టీచరు అనుకుంటారు. మానేసిన ప్రతిసారీ మీరు చెబుతూ ఉంటేనే, చెప్పకుండా రాని రోజున టీచరుకు అనుమానం వచ్చి వెంటనే ఫోన్ చేస్తారు.

ముందుగా, జూన్‌లో స్కూలు తెరిచిన వారంలోనే ఎవరికి చెప్పాలో కనుక్కోండి. కొన్ని స్కూళ్లకు యాప్ ఉంటుంది, కొన్నిచోట్ల క్లాస్ టీచరుకు వాట్సాప్ చేస్తే చాలు, ఇంకొన్ని డైరీలో రాసి పంపమంటాయి. ఆఫీసు నంబరు ఇద్దరు పెద్దవాళ్ల ఫోన్లలోనైనా ఉండాలి. మీ నంబరు మారితే స్కూలుకు చెప్పండి. ఇది చాలామంది మరిచిపోతారు.

మానేసే రోజున మొదటి పీరియడ్ హాజరు తీసుకోకముందే మెసేజ్ పెట్టండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు:

"నమస్తే మేడమ్. నేను 4వ తరగతి బి సెక్షన్, రోల్ నంబర్ 17 పాప వాళ్ల అమ్మను. రాత్రి నుంచి జ్వరం. ఈరోజు పంపడం లేదు. రేపటి సంగతి సాయంత్రం చెబుతాను."

పాప పేరు కూడా రాయండి. తల్లిదండ్రులందరూ ఉండే గ్రూపులో మాత్రం పెట్టకండి, జబ్బు సంగతి ఊరందరికీ ఎందుకు? వ్యాన్ డ్రైవర్‌కు విడిగా చెప్పండి. చికెన్‌పాక్స్ లాంటి అంటువ్యాధి అయితే దాచకుండా చెప్పాలి, పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాకే పంపాలి.

వాన రోజుల్లో సెలవు ఉందంటూ ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. కలెక్టర్ ప్రకటననో స్కూలు మెసేజ్‌నో చూశాకే నమ్మండి. సెలవు ఇవ్వకపోయినా మీ కాలనీలో నీళ్లు నిలిచి కదల్లేకపోతే, అదే కారణంగా రాయండి.

పెళ్లిళ్ల దగ్గరే అసలు చిక్కు. శ్రావణం, మాఘం ముహూర్తాలు స్కూలు రోజుల్లోనే పడతాయి. దసరాకూ సంక్రాంతికీ ఎంజీబీఎస్ బస్టాండులో రద్దీ అని రెండు రోజులు ముందే బయల్దేరి, రెండు రోజులు ఆలస్యంగా వస్తాం. ఒక్కోసారి చూస్తే చిన్నదే. కానీ విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 6 నుంచి 8కి 220. నెలకు రెండు రోజులు మానేస్తే పది నెలల్లో 20 రోజులు, అంటే దాదాపు నెల పాఠాలు పోయినట్టే. లెక్కల్లో భిన్నాలు చెప్పిన వారం మానేసిన పిల్లాడికి ఆ తర్వాత శాతాలూ అర్థం కావు. తప్పనిసరి ప్రయాణమైతే వారం ముందే లీవ్ లెటర్ ఇచ్చి, ఏ పాఠాలు జరుగుతాయో అడగండి.

సీబీఎస్‌ఈలో 10, 12 తరగతుల బోర్డు పరీక్షలు రాయాలంటే 75% హాజరు ఉండాలి. జబ్బు లాంటి కారణాలకు మినహాయింపు ఉన్నా కాగితాలు చూపాలి. కాబట్టి డాక్టర్ చీటీ, లీవ్ లెటర్ నకలు ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతో పాటు హాజరు శాతం కూడా అడగండి.

సోమవారం రాగానే కడుపునొప్పి అంటున్నాడా? జ్వరమని అబద్ధపు లెటర్ రాయకండి. నిదానంగా అడిగి, క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. తోటి పిల్లల వేధింపో, టీచరు కొట్టడమో కారణమైతే ప్రిన్సిపాల్‌కు రాసి ఇవ్వండి. పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది. స్కూలు పట్టించుకోకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు.