వాయుగుండం వార్త రాకముందే: కోనసీమలో ల్యాప్‌టాప్ బ్యాటరీకి తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అక్టోబరు, నవంబరు నెలల్లో అమలాపురం, రాజోలు, నర్సాపురం వైపు కరెంటుకి నమ్మకం లేదు. ఒక్క కొబ్బరిచెట్టు తీగల మీద పడితే ఆ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైను) కింద ఊళ్లన్నీ చీకటే. 1996 నవంబరు 6 నాటి తుఫానుని పెద్దవాళ్లు ఇంకా మర్చిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను కూడా నర్సాపురం దగ్గరే తీరం దాటింది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు, గడువున్న దరఖాస్తు పెట్టాల్సినవాళ్లు, చెరువుల లెక్కలు ల్యాప్‌టాప్‌లో రాసుకునేవాళ్లు అసలు కరెంటు లేకుండా తమ మిషను ఎంతసేపు ఆగుతుందో సెప్టెంబరులోనే తేల్చుకోవాలి.

తెర మూలన కనిపించే గంటల్ని పట్టుకుని కూర్చోవద్దు. ఈమధ్య మిషను ఎంత కరెంటు తాగిందో చూసి, మిగిలిన ఛార్జిని దాంతో భాగించి చెప్పే అంకె అది. ఫైలు చదువుతుంటే నాలుగు గంటలంటుంది, వీడియో కాల్ ఎత్తగానే రెండుకి దిగుతుంది. మ్యాక్‌ల మెనూ బార్‌లోంచి ఈ మిగిలిన సమయం చూపించడాన్ని ఆపిల్ 2016 డిసెంబరులో ఏకంగా తీసేసింది. కొన్నప్పుడు డబ్బా మీద రాసిన గంటలైతే చాలావరకు వెలుతురు తగ్గించి, ఒకే వీడియో ఆడించి కొలిచినవి. మన వాడకానికి అందులో సగం వస్తే గొప్ప.

లెక్క మనమే కట్టుకోవచ్చు. విండోస్‌లో సెర్చ్ దగ్గర సీఎండీ అని కొట్టి, తెరుచుకున్న నల్ల తెరలో ఇంగ్లీషు చిన్నక్షరాలతో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ (powercfg /batteryreport) అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. ఫైలు ఎక్కడ దాచిందో అక్కడే చెబుతుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవాలి. అందులో రెండు అంకెలు చాలు. డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో పట్టింది, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్నది. మొదటిది 50,000, రెండోది 33,000 మిల్లీవాట్-అవర్లు ఉంటే మీ చేతిలో ఉన్నది 33 వాట్-అవర్లు (ఒక వాట్ లాగే పరికరాన్ని గంటసేపు నడిపే శక్తి ఒక వాట్-అవర్). మూడోవంతు ఎప్పుడో పోయింది.

ఇప్పుడు ఛార్జరు పీకి అరగంట మీ రోజువారీ పనే చేయండి. 15 శాతం దిగితే సుమారు 5 వాట్-అవర్లు ఖర్చయినట్టు. అంటే గంటకి 10, మిషను 10 వాట్లు తాగుతోంది. 33ని 10తో భాగిస్తే దాదాపు మూడు గంటల ఇరవై నిమిషాలు. చివరి పది శాతం పక్కన పెట్టి మూడు గంటలే అనుకోండి. కెమెరా పెట్టి మీటింగులో కూర్చుంటే అదే మిషను 20 వాట్లు లాగొచ్చు, అప్పుడు గంటన్నరే.

30 శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోతుంటే బ్యాటరీ లోపలి సెల్స్ అరిగిపోయాయి. ఒక్కసారిగా భారం పడితే ఓల్టేజి కూలబడి మిషను ఆగిపోతుంది. అంకె ఒక్కటే తప్పుతోందా అని చూడాలంటే నిండా ఎక్కించి, పది శాతం దాకా వాడి, మళ్లీ నిండా ఎక్కించండి. ఒక్కసారి చాలు, అదీ తీరిక రోజున. అయినా అలాగే ఆగుతుంటే బ్యాటరీ మార్చడమే. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా అదేరోజు ఛార్జింగ్ ఆపేసి షాపుకి తీసుకెళ్లండి. గుచ్చడం, నొక్కడం వద్దు, మంటలొస్తాయి.

చాలామంది మర్చిపోయేది 80 శాతం హద్దు, అంటే బ్యాటరీ త్వరగా అరగకుండా ఛార్జింగ్‌ని 80 దగ్గరే (కొన్ని మిషన్లలో 60 దగ్గరే) ఆపేసే సెట్టింగు. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్, హెచ్‌పీలో బయోస్ (విండోస్ మొదలవకముందు తెరుచుకునే మెనూ) సెట్టింగు. రోజూ ప్లగ్గులోనే ఉండే మిషనుకి అది మంచిదే. కానీ తుఫాను హెచ్చరిక రాగానే తీసేసి వంద ఎక్కించాలి, లేకపోతే పై లెక్కలో నలభై నిమిషాల పని వదులుకున్నట్టే. గాలి సద్దుమణిగాక మళ్లీ పెట్టుకోండి.

కరెంటు పోయాక మొదట తగ్గించాల్సింది తెర వెలుతురు. సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే (144 హెర్ట్జ్) తెరని డిస్‌ప్లే సెట్టింగుల్లో 60కి దించండి, కీబోర్డు లైటు ఆపండి, ఫైళ్లని ఇంటర్నెట్‌కి ఎక్కించే వన్‌డ్రైవ్ సింక్ నిలపండి, మీటింగులో కెమెరా కట్టేయండి. కావాల్సిన ఫైళ్లు ముందే దింపుకోవాలి, ఫైబర్ తీగ కూడా ఆ కొబ్బరిచెట్టు కిందే పోతుంది. మూత మూసి వదిలేస్తే స్లీప్‌లో ఉండి తెల్లారేసరికి బాగానే తాగేస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ బటన్ల సెట్టింగు తెరిచి హైబర్నేట్‌కి (పనిని డిస్క్‌లో దాచి మిషను పూర్తిగా ఆగే పద్ధతి) టిక్ పెట్టుకుని, మూత మూసే ముందు పవర్ మెనూలో అదే నొక్కండి.

20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు అంటే 74 వాట్-అవర్లు, మార్పిడి నష్టాలు పోను మన చేతికి 60 చిల్లర. అది ల్యాప్‌టాప్‌కి ఎక్కాలంటే మిషనుకి ఛార్జింగ్ తీసుకునే టైప్-సీ పోర్టు, పవర్‌బ్యాంకుకి 45 లేదా 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ, టైప్-సీ మీద ఎక్కువ వాట్లు పంపే పద్ధతి) ఉండాలి. గుండ్రటి పిన్నున్న మిషనుకి నేరుగా పనికిరాదు. అసలు రెండోరోజుకి ల్యాప్‌టాప్ కన్నా ఫోనే ముఖ్యం. 5,000 ఎంఏహెచ్ ఫోనుకి సుమారు 19 వాట్-అవర్లు చాలు, ల్యాప్‌టాప్ నుంచే ఎక్కించుకోవచ్చు. సినిమాలు చూసి దాన్ని ఖాళీ చేయకండి.

12 ఓల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ లెక్కకి 1,800 వాట్-అవర్లు, పాతదైతే సగం నమ్మండి. రెండు సీలింగు ఫ్యాన్లు 150 వాట్లు లాగుతాయి, కాబట్టి ఫ్యాన్లు ఆగి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ పెట్టండి. డిస్టిల్డ్ వాటర్ మట్టం వారం ముందే చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే (లైను కరెంటులా నునుపుగా కాకుండా తుంపులుగా ఇచ్చే రకం) అడాప్టరు వేడెక్కి గుయ్యిమంటుంది, ఎక్కువసేపు వదలొద్దు. లంక గ్రామాల వాళ్లకి వరద లెక్క కూడా ఉంది: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 13.75 అడుగులకి చేరితే రెండో ప్రమాద హెచ్చరిక. అప్పటికే ఇన్వర్టరు నేల మీద నుంచి ఎత్తుకి చేరి ఉండాలి.

కరెంటు తిరిగొచ్చిన తొలి నిమిషాలే అడాప్టర్లకి గండం. అడాప్టరు మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటుంది కాబట్టి లో-ఓల్టేజీకి భయం లేదు. గాలికి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగి ఉంటే మాత్రం 230 ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు. కరెంటు పోగానే ప్లగ్గు పీకేసి, వచ్చాక ముందు ఒక బల్బు వేసి చూడండి. అది మరీ ప్రకాశంగానో, మసగ్గానో వెలుగుతుంటే మెయిన్ ఆపి 1912కి ఫోను చేయండి. అంతా మామూలుగా ఉంటే పావుగంట ఆగి ల్యాప్‌టాప్ పెట్టుకోండి.